అడవి వదిలి కౌన్సెలర్‌ని కావచ్చా?

నల్లమల అంచున ఉన్న ఒక ఊరి నుంచి అటవీ శాఖ ఉద్యోగి ఒకరు రాసిన ఉత్తరం ఇది. పదకొండు పేజీలు, చేతిరాత. ఊరు, రేంజ్, మనుషుల ఆనవాళ్లు తీసేసి, వారి అనుమతితో ముఖ్యమైన సంగతులు ఇక్కడ పెడుతున్నాను.

వారికి 52 ఏళ్లు. బీఎస్సీ బోటనీ చదివి 1998లో ఫారెస్ట్ గార్డుగా చేరారు, ఇప్పుడు సెక్షన్ ఆఫీసర్. ఇరవై ఏడేళ్ల సర్వీసులో చాలా భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులోనే గడిచింది. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, కొడుకు బీటెక్ రెండో ఏడాది. ఇంటి లోను ఇంకా ఆరేళ్లుంది.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో జరిగిన సంగతి ఒకటి వివరంగా రాశారు. అందరూ ఫైర్ డ్యూటీల్లో ఉన్న రోజులు. రాత్రి బేస్ క్యాంపులో అంతా పడుకున్నాక ఒక చెంచు కుర్రాడు, ప్రొటెక్షన్ వాచర్, పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. వీరు వెళ్లి పక్కన కూర్చున్నారు. ఏమీ అడగలేదు. రెండుసార్లు టీ కాచారు, పొయ్యిలోకి కట్టె ఎగదోశారు. తెల్లవారుజామున నాలుగు దాటాక కుర్రాడు నోరు విప్పాడు. అతని మొదటి బిడ్డ పుట్టిన నాలుగో రోజున ఆస్పత్రిలో చనిపోయింది. ఆ నాలుగు రోజులూ అతను అడవిలో మంటలార్పుతూ ఉన్నాడు. బిడ్డ మొహం చూడలేదు.

"అతను చెబుతుంటే విన్న ఆ గంటసేపు, ఇన్నేళ్లూ చేసిన ఉద్యోగం కంటే పెద్ద పని ఏదో చేస్తున్నట్టు అనిపించింది" అని రాశారు. మర్నాడే రేంజర్‌కు విషయం చెప్పి కుర్రాడికి పదిహేను రోజులు సెలవు ఇప్పించారు. "తర్వాత ఎందుకో అతను నాతో ముభావంగా ఉంటున్నాడు. ఎదురుపడితే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. మొహమాటం అయ్యుంటుంది."

కౌన్సెలర్ కావాలన్న కోరిక ఆ రాత్రి నుంచి పట్టుకుంది. వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని చదువుకోవాలని ఉంది. భార్య ఒప్పుకోవడం లేదు. "ఇరవై ఏడేళ్లు అడవికిచ్చారు. ఇప్పుడు ఊళ్లోవాళ్ల ఏడుపులకిస్తారా? మా సంగతేంటి?" అంటున్నారట. కూతురు ఆన్‌లైన్‌లో మూడు నెలల లైఫ్ కోచ్ సర్టిఫికెట్ ఒకటి చూపించి "ఇది చాలు నాన్నా, బోర్డు పెట్టేయొచ్చు" అంటోంది. రిసార్టు కడుతున్న పాత స్నేహితుడు "ఫారెస్ట్ థెరపీ మొదలుపెడదాం. డిప్రెషన్ ఉన్నవాళ్లను నువ్వు అడవిలో తిప్పితే చాలు" అంటున్నాడు. "నేను చెట్లతో, జంతువులతో బతికినవాణ్ని. మనుషుల కంటే అవే నయం, అబద్ధం చెప్పవు. అయినా ఈ కోరిక పోవడం లేదు. ఈ వయసులో ఇది పిచ్చా? ఉద్యోగం వదలాలా, వద్దా?"

పదో పేజీ అడుగున ఇంకో సంగతి ఉంది. 2019లో తనతో పాటు ఫైర్ లైన్ మీద, అంటే మంటలు పాకకుండా అడవిలో శుభ్రం చేసి ఉంచే బాట మీద నడుస్తున్న వాచర్ మీద ఎలుగుబంటి పడింది. చొక్కా విప్పి అతని తలకు కట్టి, జీపు దాకా మోసుకొచ్చారు. అతను బతికాడు, ఒక కన్ను పోయింది. "అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టదు. సరే, అది వేరే విషయం."

*

ముందు మీ మొదటి ప్రశ్న. పిచ్చి కాదు. నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్లలో యాభై దాటిన టీచర్లున్నారు, నర్సులున్నారు, ఒక బ్యాంకు మేనేజరు ఉన్నారు. మట్టి నుంచి ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లూ కొత్త కాదు. ఇవాళ కౌన్సెలింగ్ అని మేం చేసే పనికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు కార్ల్ రోజర్స్. 1902లో అమెరికాలో పుట్టారు. ఆయనకు పన్నెండేళ్లప్పుడు కుటుంబం ఊరు వదిలి పొలాల్లోకి మారింది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆయన ముందు చేరింది వ్యవసాయ శాస్త్రంలోనే. చిన్నప్పుడు ఇంటి నేలమాళిగలో చలికాలం కోసం దాచిన బంగాళాదుంపల్ని ఆయన ముసలితనంలో కూడా మర్చిపోలేదు. అక్కడ మట్టి లేదు, నీళ్లు లేవు. పైన ఎక్కడో చిన్న కిటికీ. అయినా ఆ దుంపలు మొలకెత్తేవి. పాలిపోయిన తెల్లటి మొలకలు ఆ కిటికీ వెలుతురు వైపు రెండు మూడు అడుగులు సాగేవి. జీవితంలో బాగా దెబ్బతిన్న మనుషులతో మాట్లాడేటప్పుడు ఆయనకు తరచూ ఆ మొలకలే గుర్తొచ్చేవట. మంటల్లో నల్లబడ్డ తునికి మొదలు నుంచి మళ్లీ చిగురు రావడం ఇరవై ఏడు ఎండాకాలాలు చూసిన మీకు ఆయన ఏం చూశారో నేను వివరించక్కర్లేదు.

కాబట్టి వయసు, బోటనీ, అడవి ఇవేవీ అడ్డు కావు. నేను ఆగి ఆలోచించింది మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా దాటేసిన రెండు చోట్ల.

మొదటిది ఆ కుర్రాడి ముభావం.

ఆ రాత్రి మీరు చేసిన పని నా విద్యార్థులకు నేర్పడానికి నాకు రెండేళ్లు పడుతుంది. అవతలివాడు మౌనంగా ఉంటే చాలామంది ఐదు నిమిషాలు తట్టుకోలేరు. "ఏమైంది, చెప్పు, మనసులో పెట్టుకోకు" అని తొందరపెడతారు. లేదంటే తమ కష్టం ఒకటి చెప్పడం మొదలుపెడతారు. మీరు టీ కాచారు. కట్టె ఎగదోశారు. కుర్రాడు మాట్లాడినా మాట్లాడకపోయినా అతని పక్కన ఉండటానికి మీకు ఇబ్బంది లేదని ఆ పనుల వల్ల అతనికి తెలిసింది. చెప్పడం మొదలుపెట్టాక "దేవుడి లీల", "ఇంకో బిడ్డ పుడుతుందిలే" అనలేదు. ఇలాంటి మాటలు ఎంత మంచి మనసుతో అన్నా బిడ్డ పోయిన తండ్రి గుండెల్లో గుచ్చుకుంటాయి. మీరు అవి అనకపోవడం గొప్ప విషయం.

మర్నాడు మాత్రం అతన్ని అడగకుండా రేంజర్‌కు చెప్పారు.

సెలవు ఇప్పించాలనే చెప్పారు, నాకు అనుమానం లేదు. కానీ చీకట్లో, పొయ్యి దగ్గర, ఎన్నో గంటలు కూడగట్టుకుని ఒక్క మనిషికి చెప్పుకున్న మాట, తెల్లారేసరికి ఆఫీసు సంగతి అయిపోయింది. పదిహేను రోజులు సెలవంటే కారణం క్యాంపులో అందరికీ తెలిసే ఉంటుంది. తిరిగొచ్చాక ఒక్కొక్కరూ పరామర్శించి ఉంటారు. అతనికి సెలవు కావాలో, డ్యూటీలో ఉంటేనే ఊపిరాడుతుందో మనకు తెలియదు. అతనికి మాత్రం తెలుసు. అడిగితే చెప్పేవాడు.

మా పనిలో మొట్టమొదట నేర్పేది ఇదే. విన్నది వినిపించినవారి సొత్తు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను చికిత్స పొందేవారి హక్కుగా రాసింది, కౌన్సెలర్లకు చట్టం కంటే ముందే అది వృత్తి ధర్మం. దీనికి మినహాయింపు ఉంది. "బతకాలని లేదు, ఏదో చేసుకుంటాను" అని కుర్రాడు అనుంటే మీరు ఇంకొకరికి చెప్పి తీరాలి. అప్పుడు కూడా ముందు అతనితోనే, "ఈ మాట నేనొక్కణ్నే మోయకూడదు, ఫలానావారికి చెబుతాను, నువ్వూ నాతో రా" అని చెప్పి చేయాలి. ఇక్కడ అలాంటి ప్రమాదమేమీ మీ ఉత్తరంలో లేదు.

"మొహమాటం అయ్యుంటుంది" అని మీరు రాసిన మాట దగ్గర ఇంకొంచెం ఆగుదాం. మీరు ఉద్యోగంలో చేరినప్పుడు పులుల లెక్క ఎలా ఉండేదో మీకు నాకంటే బాగా తెలుసు. వాగు ఇసుకలో పాదముద్ర కనిపిస్తే గాజు పలక పెట్టి గీత గీసేవాళ్లు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోసి అచ్చు తీసేవాళ్లు. ఆ అచ్చులు చూసి ఇది ఆడది, ఇది మగది, ఇన్ని పులులు అని రాసేవాళ్లు. మెత్తటి బురదలో పడ్డ అడుగు, పొడి ఇసుకలో పడ్డ అడుగు ఒకే పులివైనా వేరువేరుగా ఉంటాయి. ఒక్క పులే రెండుగా లెక్కలోకి ఎక్కేది. 2005 ప్రాంతంలో రాజస్థాన్‌లోని సరిస్కాలో పులి అన్నదే మిగల్లేదని తేలాక ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది, 2006 లెక్కల నుంచి, జంతువు ఎదురుగా దాటితే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు వచ్చాయి. అడవిలో బతికినవాడికి జాడ చూసి చెప్పేయడం అలవాటు, ఆ అలవాటు మిమ్మల్ని ఎన్నోసార్లు కాపాడి ఉంటుంది కూడా. మనుషుల దగ్గర అదే మీకు పెద్ద చిక్కు కాబోతోంది. కుర్రాడు పక్కకు తప్పుకున్నాడు, మీరు జాడ చూసి మొహమాటం అని రాసేసుకున్నారు. నేను ఇంత దూరం నుంచి అదే జాడ చూసి నొచ్చుకున్నాడంటున్నాను. నాదీ తప్పు కావచ్చు. పులిని అడగలేం. ఇతన్ని అడగొచ్చు.

ఇక రెండోది. "సరే, అది వేరే విషయం" అన్నారే, అది వేరే విషయం కాదు.

ఎలుగు ఎక్కువగా మొహం మీద, తల మీద దాడి చేస్తుంది. మీరు ఏం చూశారో, మీ చొక్కా ఎంత తడిసిందో మీరు రాయలేదు. ఆరేళ్లుగా నిద్ర సరిగా లేదు. ఆ దారిన మళ్లీ నడుస్తున్నారా, పొదల్లో అలికిడి అయితే ఏమవుతోంది, ఆ వాచర్ ఎదురుపడితే అతని మొహంలోకి చూడగలుగుతున్నారా, ఇవన్నీ మిమ్మల్ని కూర్చోబెట్టి అడగాలని ఉంది. ఉత్తరంలో ఒక మనిషికి రోగం పేరు పెట్టడం సరికాదు, నేను పెట్టను. కానీ ఆరేళ్ల నిద్రలేమి ఎవరికైనా చూపించుకోవాల్సిన విషయమే.

దీనికీ మీ కోరికకూ సంబంధం ఎందుకుందంటున్నానో నా అనుభవంతో చెబుతాను. నేను శిక్షణలో ఉన్నప్పుడు, మా నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. తండ్రి ఐసీయూలో ఉన్న ఒక యువకుడు వచ్చాడు. అతను ఏడవబోతుంటే నేను గబగబా సలహాలు చెప్పడం మొదలుపెట్టాను. డాక్టర్‌ను ఇది అడగండి, అన్నయ్యకు అది చెప్పండి అని. నా సూపర్‌వైజర్ తర్వాత ఒక్కటే అడిగారు: "అతను ఏడిస్తే ఎవరికి కష్టం?" ఆ రోజు నాకు సమాధానం రాలేదు. ఆ యువకుడు మళ్లీ రాలేదు.

మీ ముందు రేపు ఒకావిడ కూర్చుని బిడ్డకు జరిగిన యాక్సిడెంట్ చెబుతుంది. రక్తం గురించి చెబుతుంది. అప్పుడు మీరు ఆవిడ మాట వింటారా, ఫైర్ లైన్ మీదికి వెళ్లిపోతారా? అందుకే చాలా మంచి కోర్సుల్లో విద్యార్థులు తామే కొంతకాలం కౌన్సెలింగ్ తీసుకోవాలంటారు. మీరు ఏ దారి ఎంచుకున్నా సరే, అసలు ఏ దారీ ఎంచుకోకపోయినా సరే, ఈ ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. జిల్లా ప్రభుత్వాస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది. అక్కడికి వెళ్లడానికి ముందు మాట్లాడాలనుకుంటే టెలి మానస్ ఉంది, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పైగా ఎదురు కుర్చీలో కూర్చుని అపరిచితుడికి మనసు విప్పడం ఎంత కష్టమో తెలుస్తుంది, ఏ పుస్తకమూ అది నేర్పదు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఏ దారిలో వెళ్తే ఏముందో నాకు తెలిసినంత చెబుతాను.

కూతురు చూపించిన మూడు నెలల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టేయొచ్చు, నిజమే. వద్దని ఆపేవాళ్లు ఎక్కువమంది ఉండరు. క్లినికల్ సైకాలజిస్టు అని రాసుకోవాలంటే మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మిగిలిన సైకాలజిస్టులు, కౌన్సెలర్ల లాంటి వృత్తుల కోసం 2021లో ఒక చట్టం వచ్చింది, దాని కింద రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్లు మెల్లగా ఏర్పడుతున్నాయి. ఇవాళ చిన్న కోర్సుతో బోర్డు పెట్టినవాళ్లు రేపు ఎక్కడ నిలబడతారో చెప్పలేం. నాకు దానికంటే పెద్ద భయం, బోర్డు చూసి లోపలికి వచ్చేవాళ్ల గురించి. మీరు ఆత్మహత్య ఆలోచనను గుర్తుపట్టలేకపోతే, మందులు అవసరమైన జబ్బును మాటలతో నయం చేయబోతే, నష్టపోయేది వాళ్లు. అమ్మాయికి కోపం తెప్పించకుండా చెప్పండి, ఆమె మీ మీద ప్రేమతోనే వెతికి తెచ్చింది.

సరైన చదువు అంటే ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ, రెండేళ్లు. మొన్నటిదాకా ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తలుపు ఇప్పుడు మూసుకుంది. 2025 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఇంట్లో కూర్చుని ఎంఏ సైకాలజీ చేయొచ్చని ఎవరైనా ఫీజు కట్టమంటే కట్టకండి. ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర, ఉస్మానియా యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. బోటనీ డిగ్రీతో అర్హత ఉంటుందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. రోజూ క్లాసుకు వెళ్లాలంటే విశాఖలోనో తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో ఉండాలి. అంటే ఉద్యోగం వదలాలి, లేదా జీతం లేని సెలవు దొరుకుతుందేమో మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కనుక్కోవాలి.

ఇప్పుడే వదిలితే? మీరు 2004 సెప్టెంబరుకు ముందు చేరారు కాబట్టి పాత పెన్షన్ వస్తుంది. 20 ఏళ్ల సర్వీసు దాటింది కాబట్టి మూడు నెలల నోటీసుతో వాలంటరీ రిటైర్మెంట్ అడగొచ్చు. కానీ పూర్తి పెన్షన్‌కు 33 ఏళ్ల సర్వీసు లెక్క, మీకు ఇరవై ఏడే. జీతం పోతుంది, పెన్షన్ తగ్గుతుంది, లోను అలాగే ఉంటుంది, అబ్బాయి ఫీజులుంటాయి. చదువయ్యాక స్కూల్లోనో, ఆస్పత్రిలోనో, డీఅడిక్షన్ సెంటర్‌లోనో కొత్తగా చేరేవారికి ఇచ్చే జీతం మీ ఇప్పటి జీతానికి దరిదాపుల్లో ఉండదు. సొంతంగా గది పెట్టుకుంటే మొదటి రెండు మూడేళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు రావడమే గొప్ప, నాకు అలాగే గడిచింది. ఇదంతా తెలిసీ దూకినవాళ్లున్నారు, నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో రెండో సంపాదన ఉంది. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు.

నేను కాగితం మీద లెక్క వేస్తే ఒకటి కనిపించింది. ఆరేళ్లు ఆగితే 33 ఏళ్లు నిండుతాయి. లోనూ అప్పటికే తీరుతుంది. అబ్బాయి చేతికి అందివస్తాడు. మీకు 58 ఉంటాయి, రిటైర్మెంట్ వయసు 62కు ఇంకా నాలుగేళ్లుంటుంది. 58లో ఎంఏ చదవడం 52లో చదివినంత సులువు కాదు, ఒప్పుకుంటాను. ఆరేళ్లలో ఈ కోరిక చల్లారిపోవచ్చు కూడా. చల్లారితే అదీ మీకు తెలియాల్సిన సంగతే కదా. ఈ ఆరేళ్లూ ఊరికే కూర్చోమనడం లేదు. స్వచ్ఛందంగా వినే పని చేయించే హెల్ప్‌లైన్లు నగరాల్లో ఉన్నాయి, వాళ్లు వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, పక్కన ఉండి చూస్తారు. మీరు అంత దూరం రాలేకపోతే మీ శాఖలోనే పని ఉంది. నెలల తరబడి ఇల్లు చూడకుండా బేస్ క్యాంపుల్లో ఉండేవాళ్ల మనసు గురించి అడిగే మనిషి ఎవరున్నారు? మీ పైఅధికారుల అనుమతితో, ఒక సైకాలజిస్టును పిలిపించి సిబ్బందికి మాట్లాడే ఏర్పాటు చేయొచ్చు. మీరే కౌన్సెలర్ పాత్రలోకి దిగాలనుకుంటే మాత్రం జాగ్రత్త. మీరు మస్టర్‌లో సంతకం పెట్టే మనిషి. డ్యూటీ వేసేది మీరే, మెమో ఇచ్చేది మీరే. అలాంటి మనిషి ముందు తాగుడు గురించి గానీ, భయం గురించి గానీ ఎవరు నోరు విప్పుతారు? విప్పినా, రేపు మీరు అతనికి నైట్ డ్యూటీ వేసినప్పుడు అతని మనసులో ఏముంటుంది? మీ సెక్షన్ కానివాళ్లకైతే కొంత నయం.

స్నేహితుడి రిసార్టు ఆలోచన పూర్తిగా కొట్టిపారేయను. జపాన్ అటవీ శాఖ 1982లో షిన్రిన్ యోకు అని, అడవిలో స్నానం అని పేరు పెట్టి జనాన్ని చెట్ల మధ్యకు పిలిచింది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ప్రచురించిన అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. అమెరికాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో 23 మంది, ఇటుక గోడ కనిపించే గదుల్లో 23 మంది. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందుగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. చెట్టు మనిషికి మేలు చేస్తుందని మీకు తెలిసిందే, లెక్కలతోనూ తేలింది. కానీ వాళ్లకు ఆపరేషన్ చేసింది సర్జన్లు, చెట్లు కోలుకోవడానికి తోడయ్యాయి. డిప్రెషన్‌లో ఉన్న మనిషిని చికిత్స మానిపించి లోయ అంచుల వెంట నడిపిస్తే ఏం జరిగినా మీ మెడకు చుట్టుకుంటుంది. అదే పనిని మనసు అలసిన మామూలు మనుషులకు ప్రకృతి నడకగా పెట్టి, చెట్టు చేమా పిట్టా చూపించి, చికిత్స అన్న మాట ఎక్కడా వాడకుండా చేస్తే, మీకంటే బాగా చేయగలవాళ్లు తక్కువ. ఒక అర్హత ఉన్న సైకాలజిస్టు తోడుంటే ఇంకా మంచిది. రిటైరయ్యాక టైగర్ రిజర్వు కోర్ ఏరియాలోకి మీకూ అందరిలాగే ప్రవేశం ఉండదు కాబట్టి, అనుమతి ఉన్న ఎకో టూరిజం చోట్లే చేసుకోవాలి. నిజం చెప్పాలంటే, మీ ఉత్తరం చదువుతుంటే ఈ దారి ఒక్కటే మీకు చాలదేమో అనిపించింది. మీరు పొయ్యి దగ్గర కూర్చున్న రాత్రి గురించి రెండు పేజీలు రాశారు, పులుల గురించి నాలుగు వాక్యాలే రాశారు.

చెట్లు అబద్ధం చెప్పవు, మనుషుల కంటే నయం అన్నారు. ఈ మాట మీలో ఎంత లోతుగా ఉందో చూసుకోండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లు అబద్ధాలు చెబుతారు. తాగడం మానేశానంటారు, భార్యను కొట్టలేదంటారు, అంతా బాగుందంటారు. సిగ్గు వల్ల, భయం వల్ల చెబుతారు. ఆ అబద్ధం వెనక మనిషిని ఇష్టపడగలిగితేనే ఈ పని. మనుషులతో విసిగిపోయి ఉంటే ఇది మిమ్మల్ని ఇంకా విసిగిస్తుంది.

ఇక మీ భార్యగారి మాట. ఉత్తరంలో ఆవిడ అడ్డంకిలా కనిపించారు. నాకు మాత్రం ఆవిడ అడిగిందే అన్నిటికంటే సూటి ప్రశ్న అనిపించింది. "మా సంగతేంటి?" ఇరవై ఏడేళ్లు ఒంటరిగా ఇల్లు నడిపిన మనిషి. పిల్లల జ్వరాలకు, స్కూలు మీటింగులకు, మీ అమ్మానాన్నల ఆస్పత్రులకు ఎవరు వెళ్లారు? ఎలుగు పడిన రాత్రి మీరు ఇంటికొచ్చాక ఏం చెప్పారు? ఆరేళ్లుగా పక్కన మీకు నిద్ర పట్టకపోవడం ఆవిడకు తెలియదా? అప్పుడప్పుడు సాయంత్రం ఓ అరగంట ఫోన్ పక్కన పెట్టి ఆవిడ చెప్పేది వినండి. సలహా ఇవ్వకండి, సర్దిచెప్పకండి, కౌన్సెలింగ్ అసలే చేయకండి, ఇంట్లోవాళ్లకు మేమెవరం చేయం. బేస్ క్యాంపులో కుర్రాడి పక్కన కూర్చున్నట్టు కూర్చోండి. మొదట్లో ఆవిడ మాట్లాడకపోవచ్చు, లేదా ఇన్నేళ్ల కోపం బయటికి రావచ్చు. అది విని తట్టుకోగలిగితే, ఉద్యోగం వదలడం గురించి ఇద్దరూ కలిసి లెక్కలు వేసుకునే రోజు వస్తుంది. ఆవిడ లేకుండా తీసుకున్న నిర్ణయం ఏదైనా ఆ ఇంట్లో నిలవదు.

ఉత్తరంలో మీరే రాశారు. చెంచులు తేనె కోసం కొండ చరియ మీంచి తాడు పట్టుకుని దిగేటప్పుడు పైన తాడు దగ్గర ఎవరు పడితే వాళ్లు ఉండరని, బాగా నమ్మకమైనవాణ్ని, ఎక్కువగా బావమరిదిని నిలబెడతారని. మా పనిలో అలాంటి మనిషిని సూపర్‌వైజర్ అంటాం. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒక పెద్ద దగ్గరికి వెళ్లి, పేర్లు చెప్పకుండా, తాము విన్నవాటిని, తమకు బరువైనవాటిని చెప్పుకుంటారు. మీరు ఏ కోర్సులో చేరాలో వెతికేటప్పుడు ఫీజు కంటే ముందు ఇది అడగండి: శిక్షణలో సూపర్‌విజన్ ఎన్ని గంటలు, ఎవరు చేస్తారు? సరైన జవాబు రాని చోట చేరకండి. చరియ మీంచి దిగడం మీకు వచ్చు. ఇప్పటిదాకా మీ తాడు పట్టుకున్నవాళ్లెవరూ నాకు ఉత్తరంలో కనిపించలేదు.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వస్తాను. కోర్సులు, పెన్షన్, లోను ఇవన్నీ తీరిగ్గా తేలతాయి, ఇది ఈ నెలలోనే చేయొచ్చు. ఆఫీసుకు పిలిపించకండి, యూనిఫామ్‌లో నిలబెట్టి మాట్లాడకండి. క్యాంపుకు వెళ్లినప్పుడు, మిగిలినవాళ్లు పడుకున్నాక, "ఆ రోజు నిన్ను అడగకుండా రేంజర్ గారికి చెప్పాను. అడగాల్సింది. తప్పు నాదే" అనండి. నీ మంచి కోసమే చెప్పానన్న మాట కలపకండి. అది కలిపితే తప్పు మళ్లీ అతని మీదికే పోతుంది. క్షమించమని కూడా అడగకండి, అడిగితే సెక్షన్ ఆఫీసర్‌కు "సరే సార్" అనడం తప్ప అతనికి వేరే దారి ఉండదు. అతను ఏమీ అనకపోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లకుండా కూర్చుంటే, టీ కాయడం మీకు తెలుసు కదా.